పన్నెండు కొడితే వెనక్కి

కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టే. అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూస్తే కొబ్బరి తలలు కనిపిస్తాయి, కొండ కనిపించదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు తెచ్చి పోసిన ఒండ్రు మీద వెలిసిన ఊళ్ళు ఇవి. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఇక్కడ పెరిగిన కుర్రాళ్ళకు ఈత వచ్చు, కిక్కిరిసిన పంటు మీదికి బైకు ఎక్కించడం వచ్చు, వరద నీళ్ళు ఏ మెట్టు దాకా వస్తే సామాను అటకెక్కించాలో తెలుసు. మూడు గంటలపాటు ఎగువకు నడవడం మాత్రం ఒంటికి అలవాటు లేని పని.

అయినా ఏటా మే నెల వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో కొండల ఫొటోలు తిరగడం మొదలవుతుంది. ఇక్కడ ఉక్కపోత. చొక్కా ఆరదు, రాత్రి కరెంటు పోతే నిద్ర లేదు. ఎక్కడో చల్లటి కనుమ మీద నలుగురు స్నేహితులు భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డ ఫొటో చూస్తే ఎవరికైనా బయల్దేరాలనిపిస్తుంది. టికెట్లు చూడ్డానికి ఒకడు, బస చూడ్డానికి ఒకడు, డబ్బులు వసూలు చేయడానికి ఒకడు సిద్ధమవుతారు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో చూసేవాడు మాత్రం ఉండడు. ఈ అధ్యాయం ముఖ్యంగా ఆ లోటు గురించే.

ముందు ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవాలి. కోనసీమకు దగ్గరలో ఉన్నవి మారేడుమిల్లి కొండలు. రాజమహేంద్రవరం మీదుగా రంపచోడవరం దాటితే తూర్పు కనుమలు మొదలవుతాయి, అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. వానలు వెలిశాక, చలికాలంలో ఆ అడవి అందం వేరు. మే నెలలో అక్కడ నడక పెట్టుకుంటే మాత్రం తెల్లవారుజామునే మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. ఆ తరువాత రాళ్ళు వేడెక్కుతాయి, గాలి ఆడదు. జలపాతాలు కూడా అప్పటికి చిక్కిపోయి ఉంటాయి. అటవీశాఖ అనుమతులు, ఆంక్షలు ఏమున్నాయో కూడా ముందే కనుక్కోవాలి. కాబట్టి వేసవిలో మారేడుమిల్లిని అసలు యాత్రగా కాక, దానికి ముందు చేసే సాధనగా పెట్టుకోవడమే మేలు.

అసలు యాత్రకు మైదానం వాళ్ళకు సరిపోయే కనుమ హిమాచల్ ప్రదేశ్‌లోని జలోరి. కులు జిల్లాలో బంజార్ దాటాక వస్తుంది. ఎత్తు సుమారు 3,120 మీటర్లు. చలికాలమంతా మంచుతో మూసుకుపోయి వేసవికి తెరుచుకుంటుంది. కనుమ మీద మహాకాళి గుడి, చుట్టూ చిన్న చిన్న టీ దుకాణాలు ఉంటాయి. దిగువన శోజా అనే ఊరు సుమారు 2,690 మీటర్ల ఎత్తులో ఉంది. శోజా నుంచి కనుమ దాకా దాదాపు 5 కిలోమీటర్లు. వాహనాలు కూడా అదే కనుమ దాటి అవతలికి వెళతాయి గనక ఎవరికైనా కాలు మొరాయిస్తే మోసుకు రావాల్సిన అవసరం ఉండదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇప్పుడు లెక్క. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలుపుకోవాలి. నూట ముప్పై ఏళ్ళు దాటినా కొండల్లో తిరిగేవాళ్ళు ఇంకా దీన్నే వాడుతున్నారు. శోజా నుంచి జలోరికి దూరానికి ఒక గంట, 430 మీటర్ల ఎత్తుకు 43 నిమిషాలు. మొత్తం గంటా నలభై మూడు నిమిషాలు. అయితే ఇది స్కాట్లాండ్ కొండల్లో పుట్టి పెరిగిన కాళ్ళకు, తక్కువ ఎత్తులో వేసిన లెక్క. మూడు వేల మీటర్ల మీద గాలి ఒత్తిడి అమలాపురంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులకు కాస్త పైన మాత్రమే. ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకే. ఏటిగట్టు మనుషులు ఈ లెక్కను రెట్టింపు చేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. అంటే మూడున్నర గంటలు. ఏడున్నరకు శోజాలో బయల్దేరితే పదకొండింటికి కనుమ.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కనుమ నుంచి ఓక్ అడవిలో మరో 5 కిలోమీటర్లు వెళితే సెరోల్సర్ అనే సరస్సు ఉంది, దాని ఒడ్డున బూఢీ నాగిన్ గుడి. దారి పెద్దగా ఎక్కుడు కాదు. కనుమ చేరిన ప్రతి గుంపులోనూ ఒకడు అంటాడు: “ఇంత దూరం వచ్చి సరస్సు చూడకుండా ఎలా వెళ్ళిపోతాం బావా!” ఇంకొకడు అప్పటికే తలనొప్పి అని రాయి మీద కూలబడి ఉంటాడు. మూడోవాడు టైము చూసుకుని ఏమీ అనలేక ఊరుకుంటాడు. చివరికి గట్టిగా అరిచినవాడి మాటే నెగ్గుతుంది.

లెక్క వేసి చూస్తే ఈ గొడవ తేలిపోతుంది. పదకొండున్నరకు కనుమ విడిచి సరస్సుకు రెండు గంటలు, అక్కడ అరగంట, వెనక్కి కనుమకు రెండు గంటలు అనుకుంటే నాలుగు అవుతుంది. అక్కడి నుంచి శోజాకు దిగడానికి గంటన్నర. ఐదున్నరకు బసలో ఉంటారు, ఇంకా వెలుతురు ఉంటుంది. అదే కనుమకు పన్నెండున్నరకు చేరారనుకోండి. సరస్సు చూసి శోజా చేరేసరికి ఏడు. చివరి గంట అలిసిన కాళ్ళతో, తగ్గుతున్న వెలుతురులో, మధ్యాహ్నం తరువాత ఎప్పుడైనా కమ్ముకునే మబ్బుల కింద నడవాలి. కాబట్టి నియమం ఒక్క వాక్యం: పన్నెండు కొట్టేసరికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి ఇంటి దారి పట్టాలి, అప్పటికే కనుమ దాటి సరస్సు దారి పట్టి ఉంటే తప్ప. ఆ వాక్యం రాజమహేంద్రవరంలో రైలెక్కక ముందే రాసుకోవాలి. కనుమ మీద నిలబడ్డ మనిషి బుర్ర ఇంట్లో కూర్చున్న మనిషి బుర్రలా పనిచేయదు. గాలి పలచన, ఉత్సాహం చిక్కన.

ఈ విషయంలో లోకానికి పాఠం చెప్పింది ఎవరెస్ట్. 1996 మే 10న న్యూజీలాండ్‌కు చెందిన రాబ్ హాల్, అమెరికాకు చెందిన స్కాట్ ఫిషర్ తమ బృందాలతో శిఖరం ఎక్కారు. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా తిరిగి రావాలని అనుకున్నదే. కానీ రెండు దాటాక కూడా జనం పైకి నడుస్తూనే ఉన్నారు. సాయంత్రం తుపాను విరుచుకుపడింది. ఆ రెండు రోజుల్లో ఎవరెస్ట్ మీద ఎనిమిది మంది చనిపోయారు, వారిలో నాయకులిద్దరూ ఉన్నారు. అనుభవం తక్కువై పోయినవాళ్ళు కారు వాళ్ళు.

అదే ఏడాది, అదే కొండ మీద, వారం రోజుల ముందు ఇంకో మనిషి వెనక్కి తిరిగాడు. పేరు యోరన్ క్రాప్. స్వీడన్ నుంచి సైకిలు తొక్కుకుంటూ నేపాల్ దాకా వచ్చినవాడు. మే 3న శిఖరానికి సుమారు వంద మీటర్ల దిగువ దాకా వెళ్ళి, టైము మించిపోయిందని గుర్తించి దిగిపోయాడు. వేల కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడికి ఆ వంద మీటర్లు ఎంత ఊరించి ఉంటాయో! మే 23న మళ్ళీ వెళ్ళి, ఆక్సిజన్ సిలిండర్ లేకుండా శిఖరం ఎక్కాడు. నలుగురు స్నేహితులు తమ గ్రూపుకు పేరు పెట్టుకోవాలనుకుంటే ఎక్కినవాళ్ళ పేర్లకంటే ఈయన పేరు పెట్టుకోవచ్చు.

తెలుగు నేల మీద ఇంతటివాడు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఐఐటీ, ఐఐఎం దాటి కొండల దారి పట్టాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ వాతావరణం విషమించి తిరిగి రాలేదు. అంతటి నేర్పరికే తప్పని ప్రమాదం అది. ఆయనతో మనకు పోలిక ఎక్కడిది అని కొట్టిపారేయకుండా, మన గుంపు ఏ ఒక్కరినీ ఒంటరిగా వదలకూడదన్న సంగతి మాత్రం తీసుకోవాలి.

వదలకూడదు సరే, ఎలా నడవాలి? సాధారణంగా జరిగేది ఇది. ఇద్దరు గట్టివాళ్ళు ముందు దూసుకుపోతారు. మలుపులో కూర్చుని పది నిమిషాలు సేద తీరుతారు. నెమ్మదిగా నడిచేవాడు ఆయాసపడుతూ అక్కడికి చేరగానే “వచ్చావా, పద” అని లేస్తారు. అలా ప్రతి మలుపులోనూ గట్టివాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది, అవసరమైనవాడికి దొరకదు. రెండు గంటలయ్యేసరికి అతను కూలబడతాడు, నేరం అతనిదే అవుతుంది. మందు తేలిక: నెమ్మదైనవాడిని ముందు నడిపించాలి, అతని అడుగే అందరి అడుగు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. గోదావరి జిల్లాల వాళ్ళకు కబుర్లు ఆపడం కష్టం కాబట్టి ఈ పరీక్ష దానంతట అదే జరుగుతూ ఉంటుంది.

సాధన సంగతికొస్తే, నెల రోజులు చాలు. జిమ్ అక్కర్లేదు. మెట్లు కావాలి. వారానికి మూడు రోజులు ఏ మూడంతస్తుల భవనం మెట్లయినా అరగంట ఎక్కి దిగాలి. సెలవు రోజున అన్నవరం రత్నగిరి మెట్లదారి, లేదా రాజమహేంద్రవరం పక్కన కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు. తిరుపతి వెళ్ళే పని ఉంటే అలిపిరి దారి అన్నిటికంటే గొప్ప పరీక్ష. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. అది హాయిగా ఎక్కినవాడు శోజా నుంచి జలోరి ఎక్కుతాడు. ఇక్కడ ఒక మెలిక ఉంది. తిరుమల ఎక్కినవాళ్ళలో చాలామంది బస్సులో దిగుతారు. కొండల్లో మోకాళ్ళకు, తొడలకు దెబ్బ తగిలేది దిగేటప్పుడే. బరువును ఆపుకుంటూ కండరం సాగే పని అది, ఆ నొప్పి మర్నాడు, మూడోనాడు ముదురుతుంది. చదును నేల మీద ఎంత నడిచినా ఆ కండరాలకు ఆ శిక్షణ రాదు. కొబ్బరి దింపుకు అవలీలగా చెట్టెక్కే మనిషి సైతం కొండ దిగుడులో తడబడొచ్చు. కాబట్టి సాధనలో దిగడం కూడా లెక్కలోకి రావాలి. కాలి గోళ్ళు ముందురోజే కత్తిరించుకోవాలి, దిగే ముందు బూట్ల లేసులు మళ్ళీ బిగించుకోవాలి. లేకపోతే బొటనవేలి గోరు బూటు ముక్కుకు కొట్టుకుని నల్లబడుతుంది.

మైదానం పిల్లలు మెట్టు మెట్టుగా ఎదిగితే ఎంత దూరం వెళతారో తెలియాలంటే మాలావత్ పూర్ణ కథ చూడాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. మొదట భువనగిరి రాతి గుట్ట, తరువాత డార్జిలింగ్, ఆపైన లద్దాఖ్ చలి. ఒక్కో దశలో కొందరు ఆగిపోయారు, మిగిలినవాళ్ళు ముందుకెళ్ళారు. 2014 మే 25న పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి గుట్ట ఎక్కకుండా నేరుగా డార్జిలింగ్ పంపి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇక సంచి. నీళ్ళు ఒక్కొక్కరికి రెండు లీటర్లు తగ్గకూడదు. కోనసీమ మనిషి దాహాన్ని చొక్కా తడిని బట్టి కొలుస్తాడు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, పోతున్న నీరు కంటికి కనిపిస్తుంది. కొండ మీది పొడిగాలిలో చెమట పట్టిందీ తెలియదు, ఆరిందీ తెలియదు. చొక్కా పొడిగా ఉందని నీళ్ళు తాగకపోతే మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి.

కొబ్బరిబోండం ఉండగా ఓఆర్ఎస్ ఎందుకండీ అని కోనసీమలో అడగనివాడు ఉండడు. బోండం నీళ్ళలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. బోండం రుచికి సాటి లేదు గానీ, గంటల తరబడి చెమట పట్టే నడకలో అది ఒక్కటే చాలదు. ఉప్పు కూడా లోపలికి వెళ్ళాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు ఓఆర్ఎస్‌లో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి, వాటితోపాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపాలి. బీపీ, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

తిండిలో మాత్రం మనవాళ్ళకు ఎవరూ సాటిరారు. చింతపండు పులిహోర కొండ నడకకే పుట్టిందా అనిపిస్తుంది. పులుపు, నూనె, ఉప్పు కలిసి త్వరగా పాడవనివ్వవు, బియ్యం శక్తినిస్తుంది, చెమటలో పోయిన ఉప్పు తిరిగి వస్తుంది, పల్లీలు నమలడానికి ఉంటాయి. శోజాలో బస ఇచ్చినవాళ్ళను అడిగితే అన్నం వండి ఇస్తారు, ఇంటి నుంచి సీసాలో తెచ్చిన పులిహోర గుజ్జు కలుపుకుంటే సరి. కొబ్బరి లౌజు, జీడిపప్పు, వేయించిన పల్లీలు జేబులో ఉండాలి. ఆత్రేయపురం పూతరేకులు ఎంత ఇష్టమైనా సంచిలో పెట్టొద్దు, కనుమ చేరేసరికి పొడి మిగులుతుంది.

పైన చల్లగా ఉంటుందని టోపీ మానేయకూడదు. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అదే వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం దాకా పెరుగుతుంది. చలిగాలి తగులుతుంటే మొహం మాడుతున్న సంగతి రాత్రి అద్దం చూసుకునేదాకా తెలియదు. సంచిలో ఒక పలచటి స్వెట్టరు, ఒక రెయిన్ కోటు కూడా ఉండాలి.

ప్రమాదాల మాట ఎత్తితే యాత్ర మూడ్ పాడవుతుందని చాలామంది దాటవేస్తారు. మూడింటిని దాటవేయకూడదు.

ఒకటి ఎత్తు జబ్బు. రెండున్నర వేల మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు, వస్తాదుకూ రావచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం. రాజమహేంద్రవరంలో రైలెక్కి, ఢిల్లీలో బస్సు మారి, దిగిన రోజే కనుమ ఎక్కేద్దామనుకోవడం తెలివితక్కువ. కనీసం ఒక రాత్రి దిగువ ఊళ్ళో, ఒక రాత్రి శోజాలో పడుకోవాలి. లక్షణాలు కనిపిస్తే కూర్చోబెట్టాలి, ముదిరితే దించాలి. తడబడుతూ నడుస్తున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇక ఆలోచన లేదు, వెంటనే వాహనంలో కిందికి.

రెండు పిడుగు. కనుమ, శిఖరం, ఒంటరి చెట్టు, ఈ మూడూ ఉరుముల వేళ నిలబడకూడని చోట్లు. మెరుపు తరువాత ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీ మీద పడేంత దగ్గరలో ఉన్నట్టే. వెంటనే దిగువకు నడవాలి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉంటే హెచ్చరికలు వస్తాయి.

మూడు నది. 2014 జూన్ 8న హిమాచల్‌లోనే, మండి జిల్లా థలౌట్ దగ్గర, హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఫొటోల కోసం రాళ్ళ మీదికి దిగిన సమయంలో ఎగువన లార్జీ జలవిద్యుత్ ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. జలోరికి వెళ్ళే దారి ఆ లోయలోంచే పోతుంది. వరద ఎప్పుడొస్తుందో రోజుల ముందే తెలిసే గోదావరి ఒడ్డు మనుషులకు, నిమిషాల్లో పెరిగే నది కొత్త. ఆనకట్ట దిగువన నది గర్భంలోకి ఎవరూ దిగకూడదు. ఎంత పొడిగా ఉన్నా, ఎవరు పిలిచినా.

దారి తెలిసిన స్థానికుడు ఒకరు వెంట ఉంటే ఇందులో సగం భారం తగ్గుతుంది. కనుమలు ఎప్పుడూ అక్కడివాళ్ళ చెప్పుచేతల్లోనే ఉంటాయి. 1922 సెప్టెంబరు 24న గూడెం కొండల్లో దామనపల్లి కనుమ దగ్గర అల్లూరి సీతారామరాజు అనుచరులు పొంచి ఉండి, ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను వదిలేసి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇంగ్లీషు అధికారులను కాల్చి చంపారు. తుపాకులు, శిక్షణ, బలగం అన్నీ ఉన్నాయి వాళ్ళకు. ఆ వంపుల్లో ఏ పొద చాటున ఎవరు నిలబడగలరో మాత్రం మన్యం మనుషులకే తెలుసు. ఈనాటి యాత్రికుడికి అక్కడ శత్రువులెవరూ లేరు. ఏ మబ్బు వాన తెస్తుందో, ఏ అడ్డదారి బురదలో తేలుతుందో చెప్పగలవాడికి ఇచ్చే ఒక రోజు కూలి దండగ ఖర్చు మాత్రం కాదు.

బయల్దేరే ముందు ఒక కాగితం తీసుకుని నలుగురూ ఒకచోట కూర్చోండి. బయల్దేరే వేళ, తిరిగే వేళ, దిగువ బస ఫోన్ నంబరు, ఒకరికి బాగోకపోతే తోడు దిగేవాడి పేరు రాయండి. తోడు దిగేవాడు ముందే ఒప్పుకుని ఉండాలి, అక్కడ చీట్లు వేసుకోవడం కుదరదు. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లో అమ్మ చేతికో అన్నయ్య చేతికో ఇవ్వండి, రాత్రి ఎనిమిదికల్లా ఫోన్ రాకపోతే ముందు బసకు, తరువాత 112కు ఫోన్ చేయమని చెప్పండి. టికెట్లు మే మొదటి వారం నుంచి జూన్ రెండో వారం లోపు తేదీలకు తీసుకోండి. జూన్ చివరి వారంలో హిమాచల్‌లోకి నైరుతి రుతుపవనాలు ప్రవేశిస్తాయి, ఆ తరువాత రెండు నెలలు ఆ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడుతూనే ఉంటాయి.